పేను తినని వెంట్రుక

మధ్యాహ్నం గిన్నెలు తోమేశాక మా ఇంటి ఆడవాళ్ళం అరుగు మీద ఒకరి వెనక ఒకరం కూర్చుని పేలు చూసుకునేవాళ్ళం. అందరికన్నా వెనక అత్త, ఆవిడ ముందు నేను, నా ముందు నా కూతురు. అరవైల చివరి సంవత్సరాలవి. మా ఊరు నెల్లిమర్లకు దగ్గర. మా ఆయన నారమిల్లులో పనికి వెళ్ళేవాడు.

ఒకరోజు అత్త చెయ్యి నా చెవి వెనక ఆగిపోయింది.

"ఇక్కడ జుట్టు ఏదే?" అంది.

తడిమి చూసుకున్నాను. అర్ధరూపాయి బిళ్ళంత మేర వెంట్రుకే లేదు. నొప్పి లేదు, దురద లేదు. అరచేయిలా నున్నగా తగిలింది.

"పేనుకొరుకుడు. ఆ పేను ఎక్కిందంటే గుంటకీ ఇదే గతి. నీకు జుట్టు మొలిసేదాకా గుంట బుర్ర ముట్టుకోకు" అని నా కూతుర్ని చెయ్యి పట్టి లేపి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ రాత్రి నుంచి నా చాప వేరు, దువ్వెన వేరు. నా కూతురికి నా జడ కొస పట్టుకుంటేగాని నిద్ర వచ్చేది కాదు. నాన్నమ్మ పక్కన పడుకుని చీకట్లో నన్ను పిలిచేది. నేను పలికేదాన్ని, వెళ్ళేదాన్ని కాదు.

ఊరి మంత్రసానిని అడిగితే వైద్యం చెప్పింది. ముందు గోనెముక్కతో ఆ చోట ఎర్రబడేదాకా రుద్దాలి. తరవాత గురివిందగింజ నీళ్ళతో అరగదీసి పట్టించాలి. "ఆ సెయ్యి నోట్లో పెట్టీకు, పేణం పోతాది" అని కూడా చెప్పింది. మిల్లు గోనెకు మా ఇంట్లో కొదవలేదు. రుద్దింది అత్తే. మందు పెట్టగానే నిప్పు కణిక అంటించినట్టుండేది. పక్కింటావిడ ఉల్లిపాయ మంచిదంది, ఎవరో నిమ్మగింజలు నూరమన్నారు. అవీ చేశాం.

మంట భరిస్తూ కూర్చున్నప్పుడు నాకు ఒకటే ఆలోచన. ఇంత జుట్టు తిన్న పేను ఎంత ఉండాలి? ఎక్కడుంది?

"మావయ్య జుట్టు కూడా పేనే తినేసినాదా అత్తా?" అన్నాను. మావయ్యది నడినెత్తి దాకా బట్టతల.

ఆయన మంచం మీద నుంచే, "నన్ను మీ అత్త కొరికింది" అన్నాడు.

"అంత రుచిగా ఉన్నావేటి" అంది అత్త.

ఆ పేనును నేనే వెతికి పట్టుకోవాలనుకున్నాను. తెల్ల పంచె పరిచి పేల దువ్వెనతో తల అంతా దువ్వాను. మామూలు పేలే రాలాయి. బాగా నల్లగా, లావుగా ఉన్న దాన్ని పట్టి ఇత్తడి పళ్ళెంలో నా వెంట్రుకలు కొన్నింటితో పాటు వదిలి, గ్లాసు బోర్లించాను. ఎవరూ తియ్యకుండా అటక మీద పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే కదలడం లేదు. ఆ మర్నాటికి చచ్చిపోయి ఉంది. వెంట్రుకలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తిండి ఎదురుగా ఉంటే ఏ జీవమైనా ఆకలితో చస్తుందా?

తరవాత కొన్నాళ్ళకు మెడ మీద, జడ కింద, ఇంకో నున్నటి చోటు వేలికి తగిలింది. చెబితే నా కూతురు ఇంకా దూరమవుతుంది. అదొక్కటే కాదు, ఆ చోటుకు ఏ మందూ పెట్టకపోతే ఏమవుతుందో చూడాలనిపించింది. చెవి వెనక దానికి గోనె, గురివింద నడుస్తూనే ఉన్నాయి. మెడ మీదది అలా వదిలేశాను.

చెవి వెనక చర్మం పొక్కి రసి కారింది. మెడ మీద ఒకరోజు వేలికి మెత్తగా నూగు తగిలింది. అత్త దగ్గరకు వెళ్ళి జడ ఎత్తి చూపించాను.

"ఇదెప్పుడొచ్చింది? దీనికేటి రాసినావు?"

"ఏటీ రాయలేదు."

గ్లాసు కింద చచ్చిన పేను సంగతి కూడా చెప్పాను. అత్త వేలితో నూగును అటూ ఇటూ నిమిరింది.

"అయితే ఆ పేనే సచ్చుంటాది" అంది.

పెద్దవయసులో అక్షరాలు నేర్చుకున్నాక పేపరులో ఈ జబ్బు గురించి చదివాను. దానికీ పేలకీ సంబంధమే లేదట. ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే పొరబడి జుట్టు కుదుళ్ళ మీద పడుతుందట. చాలామందికి దానంతటదే మొలుస్తుందట. మగవాళ్ళ బట్టతల దారి వేరట. అప్పుడు ఇవేవీ మాకు తెలియవు. పేను పోయిందో లేదో తేల్చుకోవడమే అత్తకు మిగిలింది.

ఆవిడ మెట్టు దిగి నా ముందు కూర్చుని కొప్పు విప్పింది.

"ముందు నా బుర్ర దువ్వు. నీ దువ్వెనతోనే. నాకెక్కకపోతే గుంటకీ ఎక్కదు."

"ఎక్కితే?"

"ముసల్దాన్ని, నాకు జుట్టుతో పనేటి."

రోజూ దువ్వాను. గురివింద మానేశాం, పొక్కులు ఎండాయి. అత్త జుట్టు వయసుకు పలచబడి పాపిట దగ్గర చర్మం కనిపించేది, అంతకుమించి ఏమీ కాలేదు. ఒక సాయంత్రం ఆవిడే తల మొత్తం నాచేత వెతికించుకుని, లేచి, నా కూతుర్ని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

అది జడ పట్టుకోలేదు. ముందు నా మెడ మీద చోటు చూపించమంది. అక్కడ మొలిచినవన్నీ తెల్ల వెంట్రుకలే.

"అమ్మా, నువ్వు ఇక్కడొక్కసోటే ముసల్దానివైపోయావేటి?" అని అడిగింది.