తువ్వాలు వేసిన సీటు

బస్సు కనబడితే చాలు, ఉమాకాంతంగారి భుజం మీది తువ్వాలు కిటికీలోంచి దూరి సీటెక్కాల్సిందే. ఆయన ఊరికి వెళ్తున్నారా లేదా అన్నది ఆ తువ్వాలుకి అనవసరం. నందిగామ కోర్టులో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు, రిటైరయ్యాక పొద్దున్నుంచీ ఆయన మకాం బస్టాండులోనే. బస్సు ఆగకముందే పక్కన పరుగెత్తి గురిచూసి విసిరేవారు. కిటికీ పక్క సీటు తప్ప మరో సీటు మీద ఆ తువ్వాలు వాలినట్టు చరిత్రలో లేదు.

ఆ సీటు మాత్రం ఎప్పుడూ ఇంకొకరిదే. చంటిపిల్ల తల్లో, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మో, ఎవరు కనిపిస్తే వాళ్ళని కూర్చోబెట్టేవారు. ఇందులో నష్టపోయింది ఒక్క చూడామణే, ఆయన భార్య. ఆయనతో బస్సెక్కిన ప్రతిసారీ ఆమె నిలబడే వెళ్ళింది.

"సీటు వేసింది నాకే కదండీ?"

"నీకేనే. కానీ ఆవిణ్ణి చూడు, నిలబడలేకపోతోంది."

"మరి నేను?"

"నువ్వు దిట్టమైన మనిషివి."

ఆ మెప్పు పుచ్చుకుని చూడామణి పుట్టిల్లు జగ్గయ్యపేట దాకా కడ్డీకి వేలాడేది.

రెండువేల మూడులో ఉమాకాంతంగారు ఇంటి దారి తడుముకోవడం మొదలైంది. బెజవాడ డాక్టరు పరీక్షలన్నీ చేయించి, డిమెన్షియా అని తేల్చాడు.

"నయమయ్యేది కాదమ్మా. మందులతో కొంత నెమ్మదిస్తుంది. అలవాటైన పనులు మాత్రం మాన్పించకండి. పదిమందిలో తిరగనివ్వండి."

చూడామణి కళ్ళొత్తుకుంటుంటే ఉమాకాంతంగారు ఆమె చెయ్యి పట్టుకుని లేపారు. "ఆ ఏడ్చేదేదో బస్సులో ఏడుద్దువుగాని పద. ఆలస్యమైతే సీట్లుండవు."

ఆయన తువ్వాలు వెయ్యడం మరిచిపోలేదు. తిరిగి తీసుకోవడం మరిచిపోయారు. తువ్వాళ్ళు ఖమ్మం వెళ్ళాయి, సూర్యాపేట వెళ్ళాయి, హైదరాబాదూ చూసొచ్చాయి. చూడామణి ప్రతి తువ్వాలు మూలనా ఎర్రదారంతో 'ఉమాకాంతం, నందిగామ' అని కుట్టింది. కండక్టర్లు వాటిని మడతపెట్టి తెచ్చి బస్టాండు కంట్రోలరు స్తెఫనుకి అప్పజెప్పేవారు.

"సారు కంటే సారు తువ్వాళ్ళే ఎక్కువ ఊళ్ళు తిరిగినయ్యండీ" అని నవ్వేవాడు స్తెఫను.

ఒకరోజు మాత్రం తువ్వాలు వెంట ఆయన కూడా బస్సెక్కేశారు. జగ్గయ్యపేటలో దిగి, ఎక్కడికొచ్చారో తెలియక రోడ్డు మధ్యలో నిలబడిపోయారు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే కొడుకు జయదేవ్‌కి ఎవరో కబురందించారు. సాయంత్రానికి అతను తండ్రిని, కొత్త తాళంకప్పని వెంటబెట్టుకుని నందిగామ వచ్చాడు.

"ఇంక చాలమ్మా. ఏ లారీ కిందన్నా పడితే? గేటుకి తాళం వేసి ఉంచు."

అంటూనే అతను గేటు దగ్గరికి నడిచాడు. తాళం పడింది.

ఉమాకాంతంగారు వరండాలో కుర్చీ మీద తువ్వాలు వేసి, పక్కన నిలబడి గేటు వైపు చూసేవారు. ఎవరూ వచ్చి కూర్చునేవారు కాదు. అన్నం తగ్గింది, మాట తగ్గింది. "ఇవాళ బస్సులు లేవా?" అని మాత్రం అడిగేవారు. ఆ మాట విన్నప్పుడల్లా చూడామణికి తనమీద తనకే కోపం వచ్చేది. తాళం వేసింది కొడుకే అయినా, తియ్యకుండా కూర్చున్నది తనే కదా.

ఆ వారం తువ్వాళ్ళ మూట ఇవ్వడానికి స్తెఫను వచ్చాడు. "సారేరమ్మా? ముసలోళ్ళంతా నా మీద పడతన్నారండీ, తువ్వాలు సారు లేకపోతే బస్సెట్టా ఎక్కాలని!"

"మళ్ళీ తప్పిపోతారని భయం బాబూ."

"మేం ఇంతమందిమి లేమా అండీ? మీరూ వచ్చి ఫ్యాను కింద కూర్చోండి. బస్సు ఆగిందాకా సార్ని పట్టుకునే పూచీ నాది."

మర్నాడు చూడామణి తాళం తీసి, కప్పని సంచిలో వేసుకుంది. కొడుకుతో ముఖాముఖి తేల్చుకుందామని భర్తని తీసుకుని బస్టాండుకొచ్చింది. జగ్గయ్యపేట బస్సు ఆగేదాకా స్తెఫను ఆయన మోచెయ్యి వదల్లేదు. వదలగానే తువ్వాలు ఎగిరింది. కిటికీ పక్క సీటే.

చూడామణి ఎక్కి ఆ సీటు దగ్గరికి వచ్చేసరికి, ముందే ఎక్కేసిన ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఖాళీ లేదండీ. ఇది మా ఆవిడకి."

ఆమె నేనేనండీ అనబోయి, ఆగింది. "ఎక్కడున్నారు ఆవిడ?"

"వస్తుంది. నేనెప్పుడు వేసినా ఆవిడకే వేస్తానండీ. పెళ్ళయిన కొత్తలో వేవిళ్ళతో జగ్గయ్యపేట దాకా నిలబడింది పాపం. ఇంక నిలబెట్టకూడదనుకున్నా. కానీ ఆవిడ వచ్చేలోపే ఎవరో ఒకళ్ళు నిలబడలేనివాళ్ళు వస్తారు. ఏం చెయ్యమంటారు?"

"ఆవిడ ఏమీ అనుకోరు లెండి."

"అనుకోదు. దిట్టమైన మనిషి." ఆయన ఆమె ముఖంలోకి చూశారు. "మీరూ అలిసినట్టున్నారు. కూర్చోండి. ఆవిడకి నేను చెప్పుకుంటా."

ఇన్నేళ్ళకి చూడామణికి సీటు దొరికింది, అదీ పరాయి మనిషిగా. దర్జాగా కూర్చుని, కిటికీలోంచి గాలి పీల్చుకుంది. నవాబుపేటలో కర్ర పోటేసుకుంటూ ఒక ముసలమ్మ ఎక్కింది. ఎవరూ చెప్పకముందే చూడామణి లేచి, సీటిచ్చి, కడ్డీ పట్టుకుంది.

అలా నిలబడి వేలాడగానే ఉమాకాంతంగారి ముఖం వెలిగింది. "వచ్చావా చూడామణీ! నీకు సీటు వేశానే. కానీ ఆవిణ్ణి చూడు..."

"చూశానండీ, నిలబడలేకపోతోంది" అంది చూడామణి. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

తల్లి వస్తోందని ఫోనులో విన్న జయదేవ్ జగ్గయ్యపేట బస్టాండులో కంగారుగా ఎదురొచ్చాడు. "నాన్నని ఎందుకు తెచ్చావమ్మా ఈ రద్దీలో? సీటన్నా దొరికిందా?"

"దొరికిందిరా" అని చూడామణి తాళంకప్ప తీసి కొడుకు చేతిలో పెట్టింది. "ఇది నీ స్కూటరుకి వేసుకో. మా ఇద్దరికీ రోజూ బస్టాండులో పనుంటుంది."