కువైటు ఎండలో మినప వడియాలు

"ఇదేమన్నా మీ ఇంటి మిద్దె అనుకున్యావా అక్కా? నలుగురు తిరిగే చోటు ఇది!"

"తిరిగితే తిరగనీ. వాళ్ళ దారికి నేనేమన్నా అడ్డం పండుకున్యానా? ఎండ అందరిదీ."

"ఎండ అందరిదే. ఆ గోపురం ఎక్కే టికెట్టు మాత్రం మాది! ఎన్ని శుక్రవారాల నుంచి అనుకుంటాండాము! పైకెక్కి నిలబడితిమో లేదో, కింద నిన్ను జూసి గుండె ఆగినంత పనాయ. పరిగెత్తుకుంటా దిగొస్తిమి. సముద్రమూ చూడల్యా, ఊరూ చూడల్యా. నీ పరుగు ఒకటే చూసింది!"

"దిగి రమ్మని నేను పిలిస్తినా?"

"పోలీసోళ్ళు ఎత్తుకపోతారేమో అనుకుంటిమి తల్లీ!"

ఇలా అరుస్తున్నది రాయచోటి ఖాసింబీ. తగ్గకుండా జవాబు చెబుతున్నది నేను, ఎర్రగుంట్ల పక్క పల్లె నుంచి వచ్చిన దేవదానమ్మను. మా ఇద్దరి మధ్య రాతి అరుగు మీద పరిచి ఉన్నది నా పాత నూలు చీర. దాని మీద ఉండవలసినవి మినప వడియాలు. ఉన్నవి పావురాలు. చుట్టూ జనం. వాళ్ళలో సగం మంది ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు.

ఇంత ఘోరం ఎలా జరిగిందో మొదటి నుంచి చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకేమీ ఖర్చు లేదు. అప్పటికి నేను కొంచెం చిన్నదాన్ని. అరవై దాటి కొన్నేళ్ళే అయింది, బుద్ధి ఇంకా ముదరలేదు.

నా కూతురు శాంతి కువైటులో నర్సు. అల్లుడికి ఎక్కడో ఎడారిలో క్యాంపు పని, నెలకు ఒకసారి ఇంటికి వస్తాడు. బడి నుంచి వచ్చిన మనవరాలికి తలుపు తీయడానికి మనిషి కావాలని, ఏడాది పాటు ఉండేటట్టు నన్ను పిలిపించారు. ఆలోచించి చూడండి. తలుపు తీసే పని మధ్యాహ్నం ఒక్క నిమిషం. మిగతా పొద్దంతా నేనూ నాలుగు గోడలూ. రెండు కప్పులు కడిగేదాన్ని. అవి శుభ్రంగా ఉన్నాయని తెలిసి కూడా మళ్ళీ కడిగేదాన్ని. ఫ్రిజ్జు గుర్రుమంటే "ఏంది?" అని అడిగేదాన్ని. నేను చదివింది మూడో తరగతి. ఆ చదువుతోనే బైబిలును గట్టిగా చదివేదాన్ని. భక్తి కొంత, ఇంట్లో ఒక మనిషి గొంతు వినబడాలన్న ఆశ కొంత.

ఊరి నుంచి చెల్లెలు ఫోను చేస్తే "బాగుండావా?" అనేది. "బాగుండా" అని పెట్టేసేదాన్ని. "ఫోను ఫ్రీ గదమ్మా, ఇంకాసేపు మాట్లాడు" అనేది శాంతి. ఫ్రీ అయితే మాత్రం, మాటలు పారబోసుకుంటారా? పెట్టేసిన తర్వాత ఆ ఫోను వైపే చూస్తూ కూర్చునేదాన్ని. అది వేరే సంగతి.

నేను వచ్చిన కొత్తలో ఒకరోజు తలుపు చప్పుడైంది. తీస్తే నవ్వు మొహంతో ఒక ఆడమనిషి.

"అక్కా, మాది రాయచోటి. నా పేరు ఖాసింబీ. నేనూ, నందికొట్కూరు సుబ్బలక్ష్మీ పై అంతస్తు రూములో ఉంటాము. రవ్వంత ఉప్పు ఉంటే ఇస్తావా?"

నేను ఆమె చేతులు చూశాను. వట్టి చేతులు.

"గిన్నె యాడ?"

"గిన్నె... మర్చిపోయొస్తి."

"ఉప్పు పిడికిట్లో పట్టుకపోతావా? మా ఇంట్లో చేబదులు తెచ్చేదీ ల్యా, ఇచ్చేదీ ల్యా. మూలన అంగడి ఉండాది చూడు."

ఆమె నవ్వు కొంచెం తగ్గింది. "అట్లనేలేక్కా" అని మెట్లెక్కి పోయింది. గిన్నె లేకుండా ఉప్పుకు వచ్చే మనిషి సంసారం ఏం చేస్తుందని నేను లోలోపల ముక్కు మీద వేలు వేసుకున్నాను. ఆ తర్వాత పిల్ల బడి నుంచి వచ్చేదాకా ఆ ఇంట్లో వినిపించిన గొంతు మిక్సీది ఒక్కటే.

ఖాసింబీ ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. సుబ్బలక్ష్మి కుట్టు దుకాణంలో పని. ఇద్దరికీ శుక్రవారం సెలవు. ఖాసింబీ తమ్ముడి వ్యానులో ఊరు చూడటానికి పోయేవాళ్ళు. నేను అంత మాట అన్నా మళ్ళీ వచ్చి పిలిచారు. నా జవాబులు వినండి.

"అక్కా, సముద్రం కాడికి పోతాండాము, రా."

"సముద్రంలో ఏముండాది? ఉప్పునీళ్ళు. మా బోరులో గూడా అవే వస్తాయి."

ఇంకో వారం సుబ్బలక్ష్మి వచ్చింది. "మ్యూజియం అంట దేవదానమ్మక్కా, పాతకాలం సామాన్లు పెట్టిండారంట."

"మా అటక మీద ఉండాయి. ఒక్క రూపాయి గూడా అడక్కుండా చూపిస్తా."

ఇట్లాంటి రత్నాలు విసిరి తలుపు వేసుకునేదాన్ని. మళ్ళీ శుక్రవారం ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూసేదాన్ని. నా లెక్క ప్రకారం, వాళ్ళు ఇంకొక్కసారి బతిమాలితే నేను ఒప్పుకోవాలి. ఆ వారం తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, చెప్పులు కూడా వేసుకుని తలుపు వెనకాల కుర్చీలో కూర్చున్నాను. ఇది మీలోనే ఉంచుకోండి. మెట్ల మీద నవ్వులు వినిపించాయి. దగ్గరికొచ్చాయి. ఆగలేదు. అట్లాగే కిందికి దిగిపోయాయి. నేను చెప్పులు విప్పి బీరువా కింద పెట్టుకున్నాను.

ఇక ఎండ సంగతి. అది చెప్పకపోతే మీకు నా వెర్రి అర్థం కాదు.

మా పల్లెలో మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఎండలు ముదిరితే ఆడవాళ్ళమంతా పైకెక్కి వడియాలు పెడతాం. ఒకరు పిండి కలిపితే ముగ్గురు పెడతారు, నలుగురూ మాట్లాడతారు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడకుండా పైన పలుచని గుడ్డ కప్పి, ఆ గుడ్డ కింద ఊరి సంగతులన్నీ కూడా ఆరబెడతాం. కువైటులో ఆ సిమెంటు దుమ్ము లేదు, ఎండేమో మా ఎండకు పెద్దన్న. అంత బంగారం లాంటి ఎండ ఎదురింటి గోడ మీద పడి ఊరికే పోతుంది. మా కిటికీకి చారెడు రాదు. మిద్దె మీదికి పోదామంటే బిల్డింగు కాపలా ఆయన తాళం ఇవ్వడు. ఆ ఎండ వృథాగా పోవడం చూస్తుంటే, నిండు కుండ నేల మీద పారబోసినట్టు ఉండేది.

నా బుర్రలో ఆలోచన పుట్టింది. గురువారం మినప్పప్పు నానబెట్టాను. శుక్రవారం పొద్దున్నే పచ్చిమిరపకాయలు దట్టించి, జీలకర్ర వేసి రుబ్బి క్యానుకెత్తాను. మెట్ల మీద అలికిడి కాగానే, ఏమీ ఎరగనట్టు చీపురు చేత పట్టుకుని తలుపు తీశాను.

"యాడికి పోతాండారు?"

ఖాసింబీ ఆశ్చర్యపోయింది. "సముద్రం ఒడ్డున గోపురాలు చూడను పోతాండామక్కా."

"ఆడ ఎండ బాగుంటాదా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఎండా? శానా ఉంటాది."

"అయితే వస్తా. వడియాలు పెట్టుకునే పని ఉండాది."

మనుషులు కావాలని అడగడానికి నాకు నోరు రాదు. ఎండ కావాలని అడగొచ్చు. ఎండను అడిగితే ఎవరూ మనల్ని చూసి జాలిపడరు.

ఆ గోపురాలు చూడటానికి బాగానే ఉన్నాయి. పెద్ద పెద్ద నీలం బంతులను ఊచకు గుచ్చి నిలబెట్టినట్టు ఉంటాయి. ఖాసింబీ నా చేయి పట్టుకుంది.

"పైకి రా అక్కా. ఊరంతా కనబడుతాది."

"ఊళ్ళో నాకెవురు తెలుసు, చూసేదానికి?"

ఆమె నా చేయి వదిలింది. వాళ్ళు పైకి పోయారు. నేను గోడ వారన నున్నటి రాతి అరుగు ఒకటి చూసుకున్నాను. ముట్టుకుంటే రొట్టెల పెనంలా కాలుతోంది. ఆహా అనుకుని, వెంట తెచ్చుకున్న పాత చీర పరిచాను. నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. పక్షులు రాకుండా అంచు పొడవునా ఎండుమిరపకాయలు పేర్చాను. మా ఊరి కాకులు ఎర్ర మిరపకాయను చూస్తే మర్యాదగా పక్కకు తప్పుకుంటాయి. ఆ దేశపు పక్షులకు కూడా అదే చట్టం వర్తిస్తుందని నేను అనుకున్నాను.

వడియాలు పెట్టడం మొదలుపెట్టాను. వీపు మీద ఎండ పడింది. చాలా రోజుల తర్వాత ఒంటికి హాయిగా అనిపించింది. ఒక వరుస పెట్టి, అలవాటు కొద్దీ "ఏమ్మా, ఆ పక్క నుంచి నువ్వు పెట్టుకుంటా రా" అన్నాను. ఆ పక్క ఎవరూ లేరు. రెండో వరుస కూడా నేనే పెట్టాను.

మొదటి పావురం చివరి వరుస మీద దిగింది. "హుష్" అన్నాను. అది నా వైపు చూసి, ఒక వడియం తిని, మళ్ళీ చూసింది. రెండోది వచ్చింది. ఆ తర్వాత లెక్కపెట్టే తీరిక లేదు. సముద్రం మీదినుంచి తెల్లటి పెద్ద పక్షులు కూడా పెళ్ళి విందుకు ఆలస్యమైన బంధువుల్లా అరుచుకుంటూ దిగాయి. అన్ని పచ్చిమిరపకాయలు వేశానా, ఒక్క పక్షికి ముక్కు కారలేదు. నేను కొంగు తిప్పుతూ చీర చుట్టూ పరిగెత్తాను. ఈ చివర తరిమితే ఆ చివర దిగుతున్నాయి.

ఒక కాపలా మనిషి నా దగ్గరికి వచ్చాడు. దేవుడే పంపాడనుకున్నాను. భాష రాదు కనుక సైగ చేశాను. పక్షులను చూపించాను, నోటిని చూపించాను, ఖాళీ చేతులు చూపించాను. "ఇవి తింటాండాయి నాయనా, అంతా పాయ!" అని దాని అర్థం.

ఆయన గుండెల మీద చేయి పెట్టుకుని, తలవంచి, గబగబా లోపలికి పోయాడు. కట్టె తెస్తాడనుకున్నాను. తెచ్చింది సంచెడు రొట్టెలు. వాటిని తుంచి నా చీర మీదే చల్లడం మొదలుపెట్టాడు. "వద్దు! వద్దు!" అని రెండు చేతులూ ఊపాను. అటు పోతున్న పిల్లలకు అది పిలుపులా కనిపించింది కాబోలు, చేతుల్లోని మొక్కజొన్న గింజలు తెచ్చి కుమ్మరించారు. వాళ్ళ తల్లులు ఫోన్లు తీశారు. నేను హుష్ హుష్ అంటూ గెంతుతున్నాను, జనం చప్పట్లు కొడుతున్నారు.

అప్పుడే ఖాసింబీ, సుబ్బలక్ష్మి ఆయాసపడుతూ దిగి వచ్చారు. మొదట మీరు విన్నది ఆ తర్వాత జరిగిన గొడవే. ఖాసింబీకి అరబ్బీ వచ్చు. నన్ను తిట్టడం అయ్యాక, కాపలా మనిషితో మాట్లాడి నా వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు.

"ఏమంటాండాడు?" అన్నాను.

"నీ మాదిరి ధర్మాత్మురాలిని ఆయన చూడల్యాదంట. సొంత తిండి తెచ్చి నోరులేని జీవాలకు పెట్టినావంట. నీ చేతులకు పుణ్యమంట. వచ్చే శుక్రవారం గూడా వస్తాదా అని అడుగుతాండాడు."

జన్మలో ఒక పిచ్చుకకు చిటికెడు నూకలు విదల్చని చేతులు ఇవి. వాటిని వెనక్కి దాచుకున్నాను.

"ఏం చెప్తివి?"

"రాదు అని చెప్తి. మేం పిల్చుకొస్తే గదా వచ్చేది."

వ్యానెక్కాము. సుబ్బలక్ష్మి నా జడలో ఇరుక్కున్న ఈకను తీసి కిటికీలోంచి వదిలింది. ఖాసింబీ బయటికి చూస్తూ ఒక్కసారి మాత్రం అంది. "వారానికి ఒక్కరోజు అక్కా మాకు. ఆ ఒక్కరోజులో నీకూ చోటు పెడితిమి."

వృథా అంటే నాకు పడదని ఊరంతా తెలుసు. ఆ రోజు పిండి వృథా, టికెట్లు వృథా, వాళ్ళ సెలవు వృథా. చేసింది నేను. ఇంటికి పోయి చీర ఉతికి ఆరేసి, ఖాళీ క్యాను ముందు నిలబడి గంభీరంగా ప్రమాణం చేశాను: పై దేవుడు సాక్షిగా, మినప్పప్పు సాక్షిగా, ఈ దేవదానమ్మ ఇకమీదట ఏ దేశంలోనూ, ఎంత మంచి ఎండ కాసినా సరే, ఒంటరిగా వడియాలు పెట్టదు.

మరునాడు పొద్దున మోకాళ్ళు పట్టుకుని పై అంతస్తు ఎక్కి తలుపు తట్టాను. ఖాసింబీ పనికి పోయే తొందరలో జడ అల్లుకుంటూ తీసింది.

"ఏందక్కా?"

"రవ్వంత ఉప్పు ఉండాదా?" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. తర్వాత నా చేతులు చూసింది.

"గిన్నె యాడ?" అంది.

నేను వట్టి చేతులు చాపి చూపించాను. ఆమె తలుపు పూర్తిగా తెరిచి, చాప మీదున్న బట్టలు పక్కకు జరిపింది.

"కూర్చో. టీ పెడతా."

కూర్చున్నాను.