పలక గోడ మీద సముద్రం

ఆ రోజుల్లో నాకు రెండే రెండు నమ్మకాలుండేవి. లోకంలో ఏ వస్తువు అసలు రంగైనా గుమ్మం బయట ఎండలోనే తెలుస్తుందని ఒకటి. నచ్చిన వస్తువు వైపు పొరపాటున కూడా చూడకూడదని రెండోది. రెండూ మార్కాపురం బజారులో, మా నాయన బట్టల దుకాణంలో తాన్లు దులుపుతూ నేర్చుకున్నవే. కొమరోలు బస్సు దిగి వచ్చే ఒక పెద్దమ్మ ఉండేది. ట్యూబ్‌లైటు కింద మేం నీలమని చెప్పిన చీరను మెట్ల మీదికి పట్టుకుపోయి, కొంగు ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, "ఇది నీలమా నాయనా?" అని అడిగేది. నచ్చిన చీరను పక్కన పడేసి, నచ్చని చీరకు గంటసేపు బేరమాడి, చివర్లో విసుగొచ్చినట్లు మొహం పెట్టి నచ్చినదాన్ని సంచిలో వేసుకుపోయేది. డిగ్రీ మూడేళ్లలో నాకెవరు ఏం చెప్పారో గుర్తులేదు గానీ, ఆ మూసిన కన్ను మాత్రం ఇప్పటికీ గుర్తే.

నేను దుకాణంలో చేరిన కొత్తలోనే మా వర్తక సంఘం ఆడిటోరియం కట్టడం పూర్తయింది. స్టేజీ వెనక గోడ మొత్తం పలకరాయి. పలకల వ్యాపారం చేసే పెద్దాయన (ఊరంతా ఆయన్ని పలకల తాత అనేవాళ్లు) తన ఖర్చుతో, దగ్గరుండి వేయించాడు. నునుపు పట్టించి నూనె రాయిస్తే ఆ గోడ వాన కురవబోయే ఆకాశంలా ఉండేది. ఇక మిగిలింది ప్రొజెక్టర్. సంఘం మీటింగులో ప్రతివాడికీ ఒక అల్లుడో మేనల్లుడో హైదరాబాదులో ఉన్నాడు, ప్రతి మేనల్లుడికీ ఒక కంపెనీ మీద నమ్మకం ఉంది. రెండు మీటింగులు టీలతో, మిరపకాయ బజ్జీలతో గడిచిపోయాక, పలకల తాత నా వైపు చూసి, వీడు కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే రకం, వీణ్ణి పంపుదాం, నేను తోడు పోతా అన్నాడు. (అది అన్యాయమైన మాట. కొత్తిమీరకు బేరమాడేది మా అమ్మ. బేరం కుదిరాక కరివేపాకు ఊరికే అడగడం వరకే నా పని.)

ఆ రాత్రి అన్నం తింటూ మా నాయన ఒక మాట అన్నాడు. "మంచిది తెచ్చినావంటే గల్లా దగ్గర కూర్చుందువు. లేదంటే ఇంకో ఏడాది తాన్లు దులుపు."

బజారులో పుట్టినవాళ్లకు దీని బరువు వేరే చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్ల కోసం చెబుతున్నాను. దుకాణంలో డబ్బుపెట్టె ముందు పరుపు మీద కూర్చునేవాడు యజమాని. మిగతా అందరూ, కన్నకొడుకైనా సరే, పనివాళ్లే. నా ఈడువాళ్లలో ఇద్దరు అప్పటికే గల్లా ఎక్కారు. వాళ్లు నన్ను పలకరించే తీరు కూడా మారిపోయింది.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో విజయవాడ రైలెక్కాం. తాత ఎక్కీ ఎక్కగానే కునుకు తీశాడు. నేను కిటికీ పక్కన కూర్చుని, కురిచేడు వచ్చేసరికి గల్లా ఎక్కాను, నరసరావుపేట దాటేసరికి దుకాణానికి రెండో అంతస్తు వేశాను, గుంటూరులో ఏసీ పెట్టించాను. కృష్ణ బ్రిడ్జి మీద రైలు నెమ్మదించినప్పుడు, కింద నీళ్లు చూస్తూ, గిద్దలూరులో ఒక బ్రాంచి కూడా తెరిచాను.

విజయవాడలో ప్రొజెక్టర్ల డీలరు మమ్మల్ని నల్ల కర్టెన్లున్న ఒక చల్లని గదిలో, మెత్తని కుర్చీల్లో కూర్చోబెట్టి లైట్లు తీసేశాడు. ఎదురుగా సముద్రం వచ్చింది. నేను సముద్రం చూడనివాణ్ణి కాదు, చీరాల తీరానికి రెండుసార్లు పోయినవాణ్ణే. కానీ ఇది అది కాదు. అల పుట్టిన చోట ఆకుపచ్చ, లేచిన చోట నీలం, విరిగే చోట ఏ తానులోనూ నేను చూడని ఒక రంగు. అది నెమ్మదిగా వచ్చి నా పాదాల దగ్గర ఆగినట్లు, మళ్లీ వెనక్కి పోతూ గల్లాపెట్టెను, బజారును, మా ఊరి ఎండను కూడా తీసుకుపోయినట్లు అనిపించింది. పక్కన పలకల తాత పంచె అంచు కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. అప్పుడు డీలరు మొహం చూశాను. అతను సముద్రాన్ని చూడట్లేదు, తెరిచి ఉన్న నా నోటిని చూస్తున్నాడు. నా రెండో నమ్మకం అక్కడ తడిసిపోయింది. కనీసం మొదటిదాన్నైనా కాపాడుకుందామని వెంటనే లేచి, దీన్ని బయటికి తెచ్చి ఎండలో చూపించమన్నాను.

డీలరు నన్ను, తర్వాత తాతను, ఇద్దరిలో ఎవరికి ఒంట్లో బాగాలేదో తేల్చుకుంటున్నట్లు చూశాడు. "ఇది చీకట్లో చూసే వస్తువండీ. చీర కాదు."

"చీకట్లో అన్నీ బాగానే ఉంటాయి," అన్నాను. "ఎండకు నిలబడేదేదో చూద్దాం."

పాపం, మర్యాదస్తుడు. పొడుగు వైరు తెప్పించి, మిట్టమధ్యాహ్నం మెషీన్‌ను మెట్ల మీద పెట్టించి, వరండా తెల్లగోడ మీదికి వెలుతురు వేయించాడు. సముద్రం లేదు. ఉత్త గోడ. దారిన పోయేవాళ్లు నలుగురు ఆగి, ఏం కనిపించాలో తెలియకపోయినా గోడను శ్రద్ధగా చూశారు. నేను తల అటూ ఇటూ ఊపి, "రంగు మొత్తం వెలిసిపోయింది," అన్నాను. తాత కూడా దగ్గరికి పోయి గోడను వేలితో రాసి చూశాడు. అప్పుడు డీలరు ఇంకో మెషీన్ తెప్పించాడు. మోటారులా రొద చేసే పెద్దది. దానికి ఎక్కువ లూమెన్లున్నాయని చెప్పాడు. లూమెన్లంటే తూకమా, కొలతా అని తాత అడిగాడు. వెలుతురు అన్నాడు డీలరు. ఎండలో అది ఒక బూడిదరంగు చారను నిలబెట్టింది. లోపలికి తీసుకుపోయి చూస్తే దాని సముద్రం సున్నం కలిపినట్లు తెల్లగా, మొరటుగా ఉంది. అయినా ఎండకు నిలబడింది కదా. దాన్నే తీసుకుంటామన్నాను, మొదటి దాని వైపు చూడకుండా. (మెడ నొప్పి పుట్టింది.)

ఇక బేరం. అది ఎంతసేపు సాగిందంటే, డీలరు మెట్ల మీద కూర్చున్నాడు, తర్వాత నేనూ కూర్చున్నాను, మాకు మజ్జిగ వచ్చింది. చివరికి అతను ఇక తగ్గేది లేదన్నప్పుడు, పెద్ద దుకాణదారుల దగ్గర నేర్చిన ఆఖరి ఎత్తు వేశాను. మెషీన్‌తో కలిపి ఇస్తున్న వాటిలోంచి ఒకటి తీసేసి, ఆ మేరకు తగ్గించమన్నాను. తెర మాకొద్దు, గోడుంది అన్నాను. ఆ మాటకు తాత మొహం వెలిగిపోయింది. తన గోడ మీద ఎవరో గుడ్డ వేలాడదీస్తారన్న బెంగ ఆయనకు మొదటి నుంచీ ఉంది.

"గోడ నునుపుగా ఉంటుందాండీ?" అన్నాడు డీలరు తాతతో.

"అద్దం అనుకో," అన్నాడు తాత.

గోడ రంగు అతను అడగలేదు, మేం చెప్పలేదు. డబ్బు చేతిలో పెట్టేటప్పుడు నేను కొసరు అడిగాను, అలవాటు కొద్దీ. ఏం కావాలన్నాడు. ఆ సముద్రాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమన్నాను.

ఊరికి తెచ్చాక ఒకసారి వేసి చూద్దామన్నాను గానీ, కొత్త మెషీన్‌కు పూజ కాకుండా స్విచ్చి వేయడమేంటని అందరూ కోప్పడ్డారు. అలా ప్రారంభోత్సవం దాకా అది పసుపు గుడ్డ కిందే ఉంది. ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. పూజారి కుంకుమ బొట్టు నేరుగా అద్దానికే పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను. (ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.) కొబ్బరికాయ కొట్టారు. దీపాలు ఆర్పారు. నేను సముద్రం వేశాను.

పలకరాయి ఆ వెలుతురును తాగేసింది. ఆకుపచ్చ పోయింది, నీలం పోయింది. మిగిలింది అలల తెల్లని అంచులు మాత్రమే. నల్లని గోడ మీద ఎవరో కనబడని చెయ్యి బలపంతో గీత గీస్తున్నట్లు, గీసి తుడిచేస్తున్నట్లు, మళ్లీ గీస్తున్నట్లు. అందరం ఒకప్పుడు ఆ పలకల మీద దిద్దినవాళ్లమే. ముందు వరసలో ఒకాయన వేలు తనకు తెలియకుండానే మోకాలి మీద దిద్దుతోంది. ఇది తప్పో ఒప్పో నాకూ తెలియలేదు.

తర్వాత సంఘం ప్రెసిడెంటుగారి ఫోటో వేశారు. తెల్ల చొక్కా, తెల్ల మీసం కనిపించాయి. ఆ రెంటి మధ్యా మనిషి లేడు. "ఏందిరా ఇది, పెదనాయన ఏడకి పోయినాడు?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. నవ్వులు అక్కడ మొదలై ముందు వరస దాకా వచ్చాయి. నేను మా నాయన వైపు చూడలేదు. ఇంకో ఏడాదిపాటు దులపాల్సిన తాన్లన్నీ వరసగా కళ్ల ముందు కనిపించాయి.

నాయన లేచి, నన్ను రమ్మని సైగ చేసి రోడ్డు దాటి దుకాణం తెరిచాడు. సంఘం పెద్దలు కూడా వేడుక చూడ్డానికి వెనకే వచ్చారు. నాయన తెల్ల పాప్లిన్ తాను బల్ల మీద పరిచాడు. నేను మామూలుగా దాని అంచు పట్టుకుని గుమ్మం దాకా పోయాను. బయట ఎండ లేదు, పొద్దుగూకి చాలాసేపయింది.

"తెలుపేరా అది," అన్నాడు నాయన. "నమ్ము."

ధర చెప్పాడు. తగ్గించమన్నాను. ఎవరికైనా ఒకటే ధరన్నాడు. సొంత కొడుకునన్నాను. "తెర తీసేసి తగ్గించుకుంటివి గదా. ఆ తగ్గిందే ఇట్ల ఇయ్యి," అన్నాడు. పెద్దలు పగలబడి నవ్వారు. నేను జేబులోంచి డబ్బు తీశాను. నాయన ఒక చేత్తో మీటరు బద్ద, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని, తలెత్తకుండా అన్నాడు: "నాకు చెయ్యి ఖాళీ లేదు. పోయి గల్లా దగ్గర కూర్చో. నీ డబ్బు నువ్వే తీసుకుని, చిల్లర నువ్వే ఇచ్చుకో."

పోయి కూర్చున్నాను. పరుపు మధ్యలో నాయన కూర్చుని కూర్చుని ఏర్పడిన గుంట ఉంది. అది నాకు చాలా పెద్దదైంది. కుడిచేత్తో డబ్బిచ్చి ఎడమచేత్తో తీసుకుని పెట్టెలో వేశాను. చిల్లర లెక్క ఒకసారి తప్పింది. నాయన కొలిచి, కత్తిరించి, మడిచి, వరండాలో టైలర్‌కు ఇచ్చాక కూడా నన్ను లేవమనలేదు. ఇంతవరకూ అనలేదు.

మూడు ముక్కలు కలిపి కుట్టిన ఆ తెర ఇప్పటికీ ఉంది. ప్రొజెక్టర్ వేసినప్పుడు దించుతారు, అయిపోగానే పలకల తాత మాట మీద చుట్టేస్తారు. ఎవరి ఫోటో వేసినా ముక్కు మీద నుంచి కుట్టు పోతుంది, ఊరికి అలవాటైపోయింది. తెర ఉతకడానికి పోయిన రోజుల్లో మాత్రం నేను, తాత ఎవరికీ చెప్పకుండా ఆడిటోరియంకు పోయి, పలకగోడ మీద ఆ సముద్రం వేసుకుని కూర్చుంటాం. ఆయన పంచె అంచు పైకెత్తుకుంటాడు.

ఇప్పుడు గల్లా దగ్గర గుంట నాకు సరిపోయింది. ఏ పెద్దమ్మైనా చీర తీసుకుని మెట్ల మీదికి పోయి ఎండకు ఎత్తి పట్టుకుంటే, నేను పక్కకు జరిగి కొంగు మీది ఆ మెరుపు వైపే చూస్తుంటాను. మెట్ల మీద మెషీన్ పెట్టించి, ఎండలో సముద్రాన్ని వెతికిన ఒక కుర్రాడు గుర్తొస్తాడు. అంతగా నచ్చిన దాని వైపు మెడ తిప్పకుండా ఉండగలిగాడంటే ఎంత గట్టివాడో అనిపిస్తుంది. ఒక్కసారి తిప్పి ఉంటే బాగుండేదని కూడా అనిపిస్తుంది.