దొడ్డమ్మ నడిపిన అంబాసిడర్

నా చిన్నప్పుడు మేం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. మా పెదనాన్న, దొడ్డమ్మల ఇల్లు అదే ఊళ్లో తెలిపారా పేటలో. ఆ ఇంటి ముందు పాత అంబాసిడర్ కారు ఒకటి ఉండేది. దొడ్డమ్మ పెళ్లికి ముందే తన అన్నగారి దగ్గర కారు నడపడం నేర్చుకుంది. ఆ సంగతి తెలిసి కూడా, ఆమె తాళాలు అడిగిన ప్రతిసారీ పెదనాన్న ఒకటే అనేవారు. "అది ఏనుగులాటి బండి. ఆ స్టీరింగు తిప్పడం ఆడోళ్ల వల్ల అవదు." దొడ్డమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. నిజమే కాబోలని నేనూ అనుకునేదాన్ని.

తరవాత ఆయన కొత్తగా వచ్చిన చిన్న కారు కొన్నారు. ఓ ఆదివారం చుట్టాలందరినీ పిలిచి, రెండు కార్లనూ పక్కపక్కన పెట్టి చూపించారు. పాతదాన్ని తిప్పితే భుజాలు పడిపోతాయనీ, కొత్తదాని స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుందనీ మురిసిపోయారు. "అచ్ఛా, చిన్నపిల్లలైనా నడిపేస్తారు దీన్ని" అన్నారు.

అందరికీ టీలు అందిస్తున్న దొడ్డమ్మ పళ్లెం కింద పెట్టి చెయ్యి చాపింది. "అయితే తాళాలియ్యండి."

ఆయన నవ్వారు. "నీకేటి పిచ్చా? కొత్త బండి. రేకు పల్చన. కూసింత తగిలితే సొట్ట పడిపోద్ది." చుట్టాలూ నవ్వారు.

దొడ్డమ్మ లోపలికెళ్లి అంబాసిడర్ తాళాలు తెచ్చింది. నన్ను పక్కన ఎక్కించుకుంది. బండి ఒక్కసారి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసి, పెదనాన్న కేకలు వినబడుతున్నా వెనక్కి చూడకుండా, రతన్‌పూర్ రోడ్డు దాకా నడిపింది. అక్కడ పక్కకి ఆపి నా వైపు తిరిగింది.

"చూసినావా? అప్పుడు బండి బరువన్నారు. ఇప్పుడు బండి నాజూకంటన్నారు. బండి మారింది గానీ నాకిచ్చే జవాబు మారనేదు. అసలు కారణం బండిలో నేదే."

వారం తిరక్కుండా పెదనాన్న అంబాసిడర్‌ను అమ్మేశారు. చిన్న కారు తాళాలు చొక్కా జేబులోంచి తీసేవారు కాదు. దొడ్డమ్మ మళ్లీ స్టీరింగు పట్టనేలేదు. ఇంత వయసొచ్చినా అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పెద్దయ్యాక నాకు ఊరి బయట చకర్‌భాటాలో ఉద్యోగం వస్తే మా నాన్న దూరమన్నారు. క్వార్టర్ల పక్కనే ఇంకొకటి దొరికితే, నలుగురి కళ్లలో పడతానన్నారు. మర్నాడు చకర్‌భాటా బస్సెక్కాను. ఇప్పటికీ ఎవరైనా నన్నొక పని వద్దంటే, మొదటి కారణం శ్రద్ధగా వింటాను. ఆ అడ్డు తీరాక కూడా రెండోది మొదలుపెడితే, చెప్పులేసుకుని బయల్దేరతాను.