గడప దాటని కత్తి

మా తమ్ముడి కథల్లో బతికి బట్టకట్టిన రాక్షసుడు ఒక్కడూ లేడు. మాంసం కొట్టు నడిపేవాడు కదా, కథలోనూ అదే పని. కీలు చూసి కోసేవాడు, తోలు వలిచేవాడు, పేగులు తీసి కొక్కేనికి తగిలించేవాడు. తెల్లారకముందే కొట్టు తెరవాలి కాబట్టి మా ఇంట్లో పొద్దుగూకగానే పడకలు. ఐదేళ్ల కూతురు వాడి మీదెక్కి కూర్చునేది.

"తల తెగిందా నాన్నా?"

"తెగక చస్తుందా? ఒక్కటే వేటు! నొప్పి తెలిసేలోపే పని సరి!"

అది పడీపడీ నవ్వేది. "ఒరేయ్, పసిపిల్లకి చెప్పే కథలేనా ఇవి?" అని నేను తిట్టేదాన్ని. "నాకొచ్చిన విద్య ఇదొక్కటేగా అక్కా" అనేవాడు. తల్లి కాన్పులోనే పోతే పిల్లని నేనే పెంచా. నిద్రపుచ్చడం మాత్రం వాడి వంతు. ఆ కాసేపటి కోసమే రోజంతా నరికేవాడంటే నమ్మండి.

కొట్లో వాడికొక పట్టింపు. కత్తి గడప దాటకూడదు. పిలిచింది ఎవరైనా సరే, ముందు కత్తిని మొద్దులో దిగ్గొట్టి, ఆ తర్వాతే కాలు బయటపెట్టేవాడు. మా నాన్న నేర్పిన అలవాటు.

ఆ సాయంత్రం పిల్ల కొట్టు ముందు ఎప్పటిలాగే నల్లకుక్కకి ఎముక వేసింది. వేసినదాన్ని ఎందుకో మళ్ళీ తీసుకోబోయింది. అంతే, కుక్క దాని మోచెయ్యి పట్టేసింది. పట్టి ఈడ్చింది. ఆ అరుపుకి వీధంతా బయటికొచ్చింది గానీ ఒక్క దద్దమ్మా ముందుకు రాలేదు. తమ్ముడు పరిగెత్తాడు. అంత కంగారులోనూ పాడు చెయ్యి అలవాటు మానలేదు, కత్తిని మొద్దులో దిగ్గొట్టి మరీ పరిగెత్తాడు! వట్టి చేతులతో దవడలు లాగితే వేలు చీలింది. చేతికందిన ఇటుకతో కొట్టాడు. వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. కన్ను చితికింది, వదల్లేదు. నడుం విరిగాక వదిలింది. వెనక్కాళ్లు ఈడ్చుకుంటూ, కుయ్యోమంటూ పోతున్నదాని మీదపడి, ముద్దయ్యేదాకా కొడుతూనే ఉన్నాడు. "చాల్లేరా, చచ్చింది!" అని పట్టుకుంటే నన్నూ గోడకేసి విదిలించాడు. పిల్ల అంతా చూసింది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, సూదులు పొడిచారు. చెయ్యి దక్కింది. పిల్ల మాత్రం తండ్రికి దక్కలేదు. వాడు గదిలోకొస్తే చాలు, గుక్కపట్టేది. బతిమాలుతూ దగ్గరికెళితే స్టీలు గ్లాసు విసిరింది. నుదురు చిట్లి కంట్లోకి నెత్తురు కారినా వాడు తుడుచుకోలేదు. పడక వేళకి తలుపు బయట కూర్చునేవాడు, కథ మాత్రం మొదలెట్టేవాడు కాదు. పిల్లని కాపాడుకున్నందుకు పిల్లే దూరమవ్వాలా? ఇదెక్కడి న్యాయం!

కుట్లు విప్పిన రోజు సాయంత్రం, తలుపు బయట కూర్చున్న వాణ్ణి అది నా ఒళ్లోంచే అడిగింది. "ఒక్క వేటుకే చచ్చిపోతారన్నావు. మరి నల్లది అంతసేపు ఎందుకు ఏడ్చింది?"

నేను దాని నోరు మూయించబోతే వాడు చెయ్యెత్తి ఆపాడు.

"కథలో నాకు భయం ఉండదమ్మా. ఆ రోజు నువ్వు దాని నోట్లో ఉన్నావు. చేతులు వణికాయి. ఎక్కడ కొడుతున్నానో తెలీలేదు. అది వదిలేశాక కూడా భయం పోలేదు, అందుకే కొట్టాను. కొట్టకూడదు. దానికి చాలా నొప్పెట్టింది."

పిల్ల వాడి మొహం వంకే చూసింది. "ఇప్పుడు కూడా భయమేస్తోందా?"

"వేస్తోంది."

"కుక్కంటేనా?"

"కాదమ్మా. నువ్వంటే."

నా ఒళ్లోంచి దిగింది. మచ్చపడ్డ చేతిని పొట్టకి ఆనించుకుని, మెల్లగా తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"చేతులు వెనక్కి పెట్టుకో" అంది.

పెట్టుకున్నాడు. అప్పుడు వెళ్ళి వాడి ఒళ్లో తల పెట్టుకుంది. అది నిద్రపోయినా, కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నా, వాడు మాత్రం చేతులు ముందుకు తియ్యలేదు.