బొమ్మలు పోయిన కటింగులు

టైలర్ షాపుల గోడ మొలకు వేలాడే పేపరు కటింగులు చూస్తే ఇప్పటికీ నా తల కిందికి వంగుతది.

మా ఊరు బోథ్‌ల మా అవ్వ జాకెట్లు కుట్టేది. ఒక్కొక్కరి కొలతకు పాత న్యూస్‌పేపర్ కత్తిరించి, రేకుపెట్టెల దాసేది. ఐదో తరగతిల నేను బడి నోట్‌బుక్‌ల అతికియ్యనీకి ఆ కాగితాల మీది బొమ్మలన్ని కోసుకున్న.

క్రిస్మస్ ముందర పెట్టె తెరిచి అవ్వ పరేషాన్ అయింది.

"ట్రాక్టర్ బొమ్మది సుగుణది, ఏనుగుది పాస్టరమ్మది. ఇప్పుడెట్ల గుర్తుపట్టాలె బిడ్డా?"

"పేర్లు రాసుకోవద్దా అవ్వా?" అని నేనే గదిరిచ్చిన.

అవ్వ టేపు మెడల ఏసుకొని, మళ్ల కొలతలకు ఇల్లిల్లు తిరిగింది.

అవ్వకు అక్షరం రాదని పెద్దయినంక తెలిసింది. ఆదివారం చర్చిల బైబిల్ తెరిచి ఒళ్లె పెట్టుకుంటే, చదువుతుందనే అనుకున్న.