తలుపు మీద రెండు దెబ్బలు

పక్కింటి అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. కోవిడ్. ఐర్లండ్‌లో, వాటర్‌ఫోర్డ్‌లో నేను నర్సుగా ఉన్న వార్డులోనే. ఆరోజు నాకు సెలవు, తోటి నర్సు ఫోన్ చేసి చెప్పింది.

మీలో ఎవరైనా ఆయన వంటింట్లో టీ తాగి ఉంటే గుర్తుండే ఉంటుంది, అక్కడ ఒక్క ప్రెస్‌కీ, అదే గోడ అలమరాకీ, తలుపు లేదు. పప్పు డబ్బాలూ కప్పులూ అన్నీ బయటికే. గదుల తలుపులు కూడా చలికాలమంతా బార్లా తెరిచే ఉండేవి. ఆంటీ ఉన్నన్నాళ్ళూ స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని సణిగేది. టీ డబ్బా వెనక ఆయన శౌర్య పతకం ఉండేది. విశాఖలో నేవీ మనిషి, ఆ తర్వాత సరుకు ఓడలెక్కి ఇక్కడ దిగిపోయారు. పతకం గురించి అడిగితే "నిప్పంటుకుంది, ఆర్పాం" అని ఊరుకునేవారు. నాకు మాత్రం ఒకసారి మొత్తం చెప్పారు.

యుద్ధంలో షెల్లు ఓడ కడుపులో పేలింది. ఇంజన్ గది అంటుకుంది. అంకుల్ మంటల్లోకి దిగి ముగ్గుర్ని లాక్కొచ్చారు. మూడో అతని చెయ్యి పట్టుకుంటే చర్మం గ్లౌజు ఊడినట్టు ఊడొచ్చిందట. నాలుగోసారి దిగబోతుంటే, పక్కనే మందుగుండు ఉంది, తలుపు మూసెయ్యమని ఆర్డరొచ్చింది. మూశారు. ఇనప తలుపు చక్రం బిగిస్తుంటే అరచేతులు దానికి అంటుకుపోయాయి. లోపల ఒకతను బతికే ఉన్నాడు. స్పానర్‌తో తలుపు బాదాడు.

"ఓడ మిగిలింది, పతకమిచ్చారు. ఆడు ఇప్పటికీ అలగే కొడతన్నాడమ్మా. నాను ఇటేపు నుంచి ఒక్క దెబ్బయినా తిరిగి కొట్టనేదు. కొడితే, ఇటేపు ఒకడున్నాడని తెలిసేది గదా."

ఆరోజే నా దగ్గర మాట తీసుకున్నారు, తను పోయేటప్పుడు తలుపు వెయ్యనివ్వకూడదని. సరే అంకుల్ అన్నాను.

పోయిన వారం ఆయన్ని మా వార్డుకే తెచ్చారు. కోవిడ్ గదికి తలుపు మూసే ఉంచాలి. మాటిచ్చిందీ నేనే, ఆ తలుపు పట్టుకుని నిలబడిందీ నేనే. ఆ రూలు మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దగ్గి దగ్గి, నోటి రక్తం తుడుచుకుని, ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి ఆయనే అన్నారు.

"ఎయ్యమ్మా. ఓడ నిండా జనాలున్నారు."

వేశాను. వేసి రెండుసార్లు కొట్టాను. లోపల మంచం కడ్డీ మీద ఉంగరంతో రెండు దెబ్బలు వినిపించాయి. అటు వెళ్ళేవాళ్ళందరికీ ఆ తలుపు కొట్టి వెళ్ళమని చెప్పాను. మా ఐరిష్ నర్సులు ఎందుకని అడగలేదు. ఆ వారం నేను చాలా తలుపులు మూశాను, దేన్నీ కొట్టకుండా వదల్లేదు. అది ఆయన చలవే.

"టిఫిన్ వేళ దాకా జవాబిచ్చారు" అంది మంగళవారం ఫోన్‌లో తోటి నర్సు.

శవపెట్టె తెరవనివ్వలేదు. శ్మశానానికి పదిమందికే అనుమతి, అందుకని శవవాహనం ఆయన ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగింది. వీధంతా ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడ్డారు. నేను వెళ్ళి దాని అద్దం మీద రెండుసార్లు కొట్టాను. డ్రైవరు నావైపు చూసి, ఇంజన్ ఆపేశాడు.